కొండను ఊడ్చిన మనిషి

ఆ కొండవాలు నిండా నారింజతోటలే. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నిద్రలేచి తల దువ్వుకోని మనుషుల్లా గజిబిజిగా కనిపిస్తాయి. ఒక్క తోట మాత్రం విడిగా తెలుస్తుంది. దాని నేల ఎర్రగా, నున్నగా, అప్పుడే స్నానం చేయించి ఎండలో కూర్చోబెట్టిన పసిబిడ్డ ఒంటిలా మెరుస్తుంది. చెట్ల కింద గడ్డిపోచ ఉండదు. ఎండుటాకు ఉండదు. తమ నీడ పడితే ఎక్కడ మరకవుతుందోనని చెట్లే కాస్త ఒదిగి నిలబడినట్టుంటుంది.

ఆ తోటామెను అందరూ చీపురమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా ఆ పిలుపుకే తల తిప్పుతుంది.

తెల్లవారగానే, పొయ్యి వెలిగించకముందే ఆమె తోటకు పోతుంది. ఎండుకొమ్మలు కలిపి కట్టిన పెద్ద చీపురు, దానికి పొడవాటి కర్ర పిడి. పై వరసలో మొదలుపెట్టి కిందికి ఊడ్చుకుంటూ వస్తుంది. ఊడ్పు ఎప్పుడూ కిందికే. వాలు మీద ఎగువకు ఊడిస్తే నడుము పడిపోతుంది. చీపురు సాగినప్పుడల్లా సర్రుమని ఒక చప్పుడు. వాన వెలిసిన మర్నాడైతే అది మెత్తబడి, ఎవరో పక్కగదిలో గుసగుసలాడినట్టుంటుంది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెతో ముందుగా స్నేహం చేసింది ఆ చప్పుడే.

చీపురు చేతికిచ్చిన రోజున అత్తగారు అంది, "ఇంట్లోకొచ్చి చూసేదెవరమ్మాయ్? దారిన పోయేవాళ్ళకి కనపడేది తోటే. మనమెలాంటివాళ్ళమో అది చూసే అనుకుంటారు." కొత్తకోడలు ఆ మాటను నగలా దాచుకుంది. అత్తగారు పోయాక కూడా రోజూ తీసి తుడిచి పెట్టుకుంది.

ఊడ్చిన నేల వల్ల బతుకు కూడా బాగానే సాగింది. రాలిన పండు వెంటనే కంటపడుతుంది, ఎండ తగలకముందే ఏరుకోవచ్చు. కోతకొచ్చే ఆడవాళ్ళు పాము భయం, ముల్లు భయం లేకుండా చెప్పులు విప్పేసి తిరుగుతారు. పళ్ళ వ్యాపారి ఏటా కోత ఇక్కడే మొదలుపెడతాడు. మొదటి కోతకు పలికే ధర వేరు. "మీ తోటలో నేల మీదే వడ్డించుకుని తినొచ్చమ్మా" అంటాడాయన. ఆ రోజంతా చీపురమ్మ కాళ్ళు నేల మీద ఆనవు.

ఆమె తోటకు సరిగ్గా దిగువన, వాలు మెల్లగా చదునయ్యే చోట, తోడికోడలి తోట. మామగారు పంచినప్పుడు పై ముక్క పెద్దకొడుక్కీ కింది ముక్క చిన్నకొడుక్కీ వచ్చాయి. చిన్నకొడుకు లారీ తోలుతూ నెలల తరబడి రోడ్ల మీదే ఉంటాడు కనక తోట మొత్తం చిన్నకోడలి నెత్తినే. ఆమెకు ఊడ్చే ఓపిక లేదు. గడ్డి మోకాళ్ళదాకా పెరిగితే ఎప్పుడో ఒకసారి కోస్తుంది, కోసినది కోసినచోటే వదిలేస్తుంది.

"మీది అద్దం అక్కా, మాది అడవి" అనేది చిన్నకోడలు. "అయినా ఆ పళ్ళకి బుద్ధి లేదు. పోయి పోయి అడవిలోనే ఎక్కువ కాస్తున్నాయి. ఏం చెయ్యమంటావ్?"

"కాస్తాయే, కాస్తాయి. ఏదో ఒకరోజు పాములూ కాస్తాయి."

పైకి నవ్వేసినా ఆ మాట చీపురమ్మను లోపల గుచ్చేది. ఎందుకంటే నిజమే. దిగువ నేల ఏటేటా మెత్తబడుతోంది. అడుగేస్తే కాలు దిగుతుంది. ఎగువన తన నేల ఏటేటా గట్టిపడుతోంది. కొన్నేళ్ళుగా పళ్ళు చిన్నవవుతున్నాయి. పై వరస చెట్లు చిటారుకొమ్మల నుంచి ఎండుకొస్తున్నాయి. ఈ సంగతి ఆమె మొగుడికి కూడా పైకి చెప్పలేదు. ఇంకాస్త శుభ్రంగా, ఇంకాస్త శ్రద్ధగా ఊడుస్తోందంతే.

వానలు మధ్యలో తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం చిన్నకోడలు ఆయాసపడుతూ పైకి వచ్చింది. వాకిట్లో నిలబడే అంది, "అక్కా, ఒకసారి కిందికి రా. నా చెట్లు ఏడుస్తున్నాయి."

"చెట్లు ఏడవడమేంటే?"

"మొదళ్ళ దగ్గర బంక కారుతోంది. రెండు చెట్లు ఆకంతా రాల్చేశాయి. నువ్వు అంటు కట్టినవే అవి."

"అడవిలా వదిలేస్తే తెగులు రాక ఏమొస్తుంది? నా మాట ఎప్పుడైనా విన్నావా?"

"తర్వాత తీరిగ్గా తిడుదువుగాని. ముందు నడు."

చెట్టు దగ్గరికి వెళ్ళి చూస్తే నిజంగానే ఏడ్చినట్టుంది. బెరడు పగుళ్ళలోంచి తేనెరంగు బంక కారి గడ్డకట్టింది. చీపురమ్మ చుట్టూ తిరిగింది. వంగింది. గడ్డి పక్కకు తోసి చూసింది.

"అంటు కట్టిన చోటేదే?"

"అక్కడే ఎక్కడో ఉంటుంది, చూడు."

"లేదే."

నారింజ మొక్కను వేరే మొండి జాతి వేరు మీద అంటు కడతారు. ఆ కట్టిన చోట చెట్టుకు చిన్న బుడిపె మిగిలిపోతుంది. అది ఎప్పుడూ నేలకు పైనే ఉండాలి. దానికి మట్టి తగిలితే కుళ్ళు మొదలవుతుంది. ఆ కొండ మీద పుట్టిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు.

"మోకాలంత ఎత్తున కట్టానే దీనికి" అంది చీపురమ్మ. "నాకు బాగా గుర్తు. అప్పుడు కడుపుతో ఉన్నాను. వంగలేక పైన కట్టేశాను. ఇంత పైన కడతారా ఎవరైనా అని అత్తయ్య తిట్టింది కూడా."

"చెట్టు కిందికి దిగిపోయిందేమో అక్కా, మనుషులు ముసలైతే కుంగిపోయినట్టు" అని చిన్నకోడలు నవ్వబోయింది. చీపురమ్మ నవ్వలేదు.

పార తెచ్చుకుని మొదలు చుట్టూ తవ్వారు. మట్టి సులువుగా లేచింది. తవ్విన కొద్దీ మెత్తగా, తడిగా, ఎర్రగా వస్తోంది. బుడిపె కనపడలేదు. ఇంకా తవ్వారు. చీపురమ్మ బోర్లా పడుకుని గుంటలో చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాటింది. చెయ్యి ఇంకా లోపలికి వెళుతుంటే ఆమె ముఖం రంగు మారుతూ వచ్చింది. అక్కడ, భుజం నేలకు ఆనే లోతులో, వేళ్ళకు బుడిపె తగిలింది. తగలగానే బెరడు నానిన కాగితంలా ఊడి చేతిలోకి వచ్చింది. కుళ్ళిన వాసన గుంటలోంచి పైకి లేచింది.

చెయ్యి బయటికి తీసి, ఆ నల్లటి బెరడు ముక్కను కాదు, వేళ్ళకంటుకున్న మట్టిని చూసింది.

"ఇది నీ మట్టి కాదే."

"నా తోటలో ఉన్నది నా మట్టి కాకపోతే మీ పుట్టింటి మట్టా?"

"కాదే. మనం ఈ ఇంటికొచ్చినప్పుడు నీ వైపు నేల బూడిదరంగులో ఉండేది. నీకు గుర్తులేదా? మామయ్యని నువ్వే అడిగావ్, అక్కకి ఎర్రనేల, నాకీ బూడిదా అని."

చీపురమ్మ చూపు పక్కనే ఉన్న మోటారు గది మీద పడింది. చిన్న రాతిగది. చెక్కతలుపు.

"ఆ తలుపేంటి, అలా పొట్టిగా ఉంది?"

"అదా? వానాకాలం చెక్క ఉబ్బి నేలకి రాసుకుంటుంటే రెండుసార్లు అడుగు కోయించాను."

"దాని ముందు మెట్టుండాలి కదే. మెట్టెక్కి లోపలికి పోయేవాళ్ళం. నువ్వోసారి ఆ మెట్టు మీంచి జారి పడ్డావ్ కూడా."

ఇద్దరూ తలుపు వైపు చూశారు. ఇప్పుడా గదిలోకి పోవాలంటే ఎక్కరు. దిగుతారు. ఎప్పటి నుంచి దిగుతున్నారో ఇద్దరికీ తెలియదు. రోజూ దిగుతూనే ఉన్నారు, ఎక్కేవాళ్ళమన్న సంగతే మర్చిపోయారు. చిన్నకోడలు పార తీసుకుని గుమ్మం ముందు పొడిచింది. ఇంకో రెండు పోట్లు పొడిచాక ఖంగుమని రాయి మోగింది.

చిన్నకోడలి చేతిలోంచి పార జారిపోయింది. "అమ్మ బాబోయ్" అని మాత్రం అంది.

చీపురమ్మ ఉన్నచోటనే చతికిలబడింది. పిడికెడు మట్టి తీసి ఎండకు పట్టింది. ఎర్రటి మట్టిలో తెల్లటి పలుగురాళ్ళ నలుసులు. ఆ నలుసులను ఆమె తన తోటలో తెల్లవారుజాము వెలుగులో చూసింది, సాయంత్రపు వెలుగులో చూసింది. మనిషి ముఖం మీది మచ్చల్లా వాటిని ఎరుగును. తను పెళ్ళై అడుగుపెట్టిన కొండ, అత్తగారు అప్పగించిన కొండ, ఇక్కడ తోడికోడలి చెట్ల గొంతుదాకా పూడుకుపోయి పడుంది. కాళ్ళ కింద నేల కదిలిపోయిందని మనుషులు ఊరికే అంటుంటారు. ఆమె కాళ్ళ కింద నేల నిజంగానే కదిలిపోయింది. కదిలిపోయిన నేల మీదే ఇప్పుడు కూర్చుని ఉంది.

తిరిగి పైకి వెళ్ళేటప్పుడు తన తోట తనకే కొత్తగా కనపడింది.

పై వరస చెట్లకు వేళ్ళు బయటికి వచ్చి ఉంటాయి. ముసలిచెట్లు అంతే, కాళ్ళు చాపుకుని కూర్చుంటాయి అనుకునేది ఇన్నాళ్ళూ. కోతప్పుడు ఆ వేళ్ళ సందులో నిచ్చెన కాలు ఆనించేవారు. కోతకొచ్చిన ఆడవాళ్ళు అన్నం సంచులు ఆ వేళ్ళకే తగిలించేవారు. ఇప్పుడు చూస్తే అవి చాపుకున్న కాళ్ళు కావు. కిందికి జారిపోతున్న చెట్టు గోళ్ళతో కొండను పట్టుకుని వేలాడుతోంది. మానుకు ఆమె నడుమెత్తున బెరడు రంగు మారిన ఒక గీత ఉంది. ఆ గీతను ఎన్నోసార్లు చూసింది. అది ఒకప్పటి నేల. అక్కడి నుంచి ఇక్కడిదాకా ఉన్న ఖాళీని చేత్తో తడిమింది. అందులో గాలి తప్ప ఏమీ లేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త ఆటో తుడుచుకుంటున్నాడు. పళ్ళ బుట్టలు బజారుకు చేరవేసే ఆటో అది.

"ఏవండీ, మన తోట లేదండీ."

"లేకపోవడమేంటి? ఎవరెత్తుకుపోయారు?"

"నేనే."

ఆయన గుడ్డ పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. సరదా మనిషి. ప్రతి మాటకూ ఏదో ఒకటి అనకపోతే తోచదాయనకు. ఆ ముఖం చూశాక ఏమీ తోచలేదు.

మర్నాడు మళ్ళీ వాన పట్టుకుంది. ఆ వానలో చీపురమ్మ గొడుగు వేసుకుని తోటలో నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమె తోటను వానలో చూడలేదు. వానొస్తే అందరిలాగే ఇంట్లో కూర్చునేది. వెలిశాక వెళితే నేల కడిగినట్టు ఉండేది, చూసి మురిసిపోయేది. కడుగుతున్నప్పుడు ఏం పోతోందో ఎప్పుడూ చూడలేదు.

మొదట చినుకులు నేలను చిన్నచిన్నగా గిచ్చాయి. గిచ్చినచోటల్లా ఎర్రటి పొడి లేచి పడింది. తర్వాత నేల మీద సన్నటి మెరుపొకటి పరుచుకుంది. అది మెరుపు కాదు, నీటిపొర. అది కదిలింది. దాంతోపాటు నేల మీది పైచర్మం కదిలింది. అడ్డం ఒక్క పోచ లేదు, ఆపే ఆకు లేదు. చెట్టు చెట్టు మధ్యలోంచి ఎర్రటి నీళ్ళు చేతులు కలుపుకుంటూ, అలవాటైన దారిలో పోతున్నట్టు, చీపురు చూపించిన దారినే కిందికి పోతున్నాయి. చప్పుడు లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఇంత పోతున్నప్పుడు ఏదో ఒక కేక వినపడాలి కదా.

"ఒసేయ్, జ్వరమొస్తుంది, లోపలికి రా!" భర్త సంచి నెత్తిన కప్పుకుని వచ్చాడు. వచ్చి, ఆమె చూస్తున్న వైపు చూసి, ఆయన కూడా కదలకుండా నిలబడిపోయాడు.

కాసేపటికి ఆయనే వేలు చూపించాడు. తోట అంచున నాలుగు అనాసమొక్కలు ఉన్నాయి. ఎప్పుడో తిన్న పండు మీది పిలకలను ఆయనే గుచ్చాడు. గజిబిజిగా ఉన్నాయని ఆమె పీకెయ్యబోయిన ప్రతిసారీ అడ్డుపడి, "ఈ తోటలో నీ చీపురుకి లొంగనివి ఇవే, వీటినైనా బతకనీ" అనేవాడు. ఆ ముళ్ళ ఆకుల వెనక, ఎగువ వైపున, ఎర్రమట్టి మెత్తగా పేరుకుని ఉంది. అక్కడికి వచ్చిన నీళ్ళు ఆగి, మట్టిని దించి, తేటబడి పక్కనుంచి జారుకుంటున్నాయి.

ఇద్దరూ ఆ మొక్కల వైపే చూస్తూ తడిశారు. ఆమె గొడుగు ఎప్పుడు వాల్చేసిందో ఆమెకే తెలియదు.

వాన తగ్గాక చీపురమ్మ తట్ట తీసుకుని కిందికి వెళ్ళింది.

"ఆ మట్టి నాకు కావాలే."

"ఏ మట్టి?"

"నా మట్టి."

చిన్నకోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నా తోటలో పడింది నాదక్కా. నేనేం నీ తోటకొచ్చి తవ్వుకురాలేదే. నువ్వే రోజూ పొద్దున్నే ఊడ్చి పంపించావ్. ఇప్పుడొచ్చి తిరిగిచ్చెయ్యమంటే?"

"నీ చెట్లు దాని కింద కుళ్ళిపోతున్నాయి."

"కుళ్ళితే కుళ్ళనీ. ఇన్నేళ్ళు కాసింది కూడా ఆ మట్టిలోనే. ఇప్పుడది తీసిస్తే నాకేం మిగుల్తుంది, ఆ బూడిదా?"

మాటా మాటా పెరిగింది. అత్తగారు ఎవరిని బాగా చూసిందన్న దగ్గరికి వెళ్ళింది. పెళ్ళిలో ఎవరికి ఏం రంగు చీర పెట్టారన్నది కూడా వచ్చింది. చివరికి చిన్నకోడలు విసురుగా ఇంకో చెట్టు మొదలు తవ్వి చూపించబోయింది, దీనికేమీ కాలేదు చూడమని. అది తోట మొత్తంలో బాగా కాసే చెట్టు. మొదలు చుట్టూ పార తిరిగింది. లోపలి నుంచి అదే వాసన లేచింది.

చిన్నకోడలు పార మీద వాలిపోయింది. ఆ వాలడంలో కోపమంతా జారిపోయింది. "ఇది కూడానా?" అంది, పిల్లలు అడిగినట్టు.

ఎగువ చెట్లు మట్టి లేక చస్తున్నాయి. దిగువ చెట్లు మట్టి ఎక్కువై చస్తున్నాయి. మధ్యన ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి కళ్ళలోకి ఒకరు చూడలేక, చేతుల మట్టి చీరలకు తుడుచుకుంటున్నారు.

"మొదళ్ళ దగ్గరది మాత్రం తీస్తాను" అంది చిన్నకోడలు. "నేను తవ్వుతా, నువ్వు మోసుకుపో. వరసల మధ్యలోది ముట్టుకున్నావో ఊరుకోను."

"ముట్టుకోనులే."

"ముట్టుకుంటావ్. నీ సంగతి నాకు తెలీదా? అంతా నున్నగా చేసి పోతావ్."

అలా మొదలైంది మోత. దిగువన చెట్టు గొంతు చుట్టూ మట్టి తీసి గాలి ఆడేలా పళ్ళెంలా వెడల్పు చేయడం, అదే మట్టిని తట్టలతో ఎగువకు మోసి బయటపడ్డ వేళ్ళ మీద కప్పడం. భర్త కూడా ఆటో పక్కన పెట్టి తట్ట ఎత్తుకున్నాడు. "పెళ్ళాం పుట్టింటికి పోతే తీసుకొచ్చేవాణ్ణి చూశాను గానీ, కొండ చెల్లెలింటికి పోతే తెచ్చేవాణ్ణి నన్నే చూస్తున్నా" అన్నాడు ఆయాసంలోనే. కొండ కిందికి పోయినంత తేలిగ్గా పైకి రాదు. రోజంతా మోస్తే ఒక్క చెట్టు పాదం కూడా పూర్తిగా కప్పుకోదు. చూపు వెనక్కి తిప్పితే పై వరసంతా కాళ్ళు బయటపెట్టుకుని ఎదురుచూస్తుంటుంది. చీపురమ్మ తట్ట దించి మళ్ళీ కిందికి దిగేది.

మోసిన మట్టి మళ్ళీ పోకుండా వాలుకు అడ్డంగా, వంకరటింకర గీతల్లో గడ్డిని పెరగనిచ్చింది. గడ్డి బారుకు దిగువ అంచున అనాస పిలకలు గుచ్చింది. ఎండుటాకులు రాలినచోటే ఉన్నాయి. ఆమెకు చేతులు ఆడేవి కావు. పొద్దున్నే అలవాటుగా తోటకు వచ్చి, ఆకుల మీద ఆకులు పడి ఉండటం చూసి, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు చిరిగిన చీరలో దొరికిపోయినట్టు సిగ్గుపడేది.

కోతకు ముందు పళ్ళ వ్యాపారి వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏమైందమ్మా, ఒంట్లో బాగుండటం లేదా?"

"బాగానే ఉన్నాను."

"తోట ఎవరికైనా కౌలుకిచ్చేశారా మరి?"

"నేనే చేస్తున్నాను."

ఆయన గడ్డిబారులను చూశాడు, అనాస ముళ్ళను చూశాడు. ముఖంలో బాధే ఉంది, వెక్కిరింత లేదు. "కోతవాళ్ళు ఇందులో కాలు పెట్టరమ్మా. పాములుంటాయంటారు. ముందు శుభ్రంగా ఉన్న తోటలు చూసుకుని, ఆఖర్న ఇటొస్తాను. ధర అప్పటికెలా ఉంటే అలా. ఏమీ అనుకోకండి, మీరు కాబట్టి చెబుతున్నా. కోత ముందు ఒక్కసారి గడ్డి చెక్కించేయండి. పోయేదేముంది?"

ఆయన వెళ్ళాక కొడవలి చేతిలోకి వచ్చింది. ఎలా వచ్చిందో. మొదటి కోత పోతే ఏడాది ఎలా గడుస్తుందో ఆమెకు తెలుసు. ఒక్కసారే కదా, మళ్ళీ పెరుగుతుంది కదా. పై బారు దగ్గర కూర్చుని పిడికెడు గడ్డి పట్టుకుంది. లాగితే వేళ్ళతోపాటు మట్టి పెళ్ళ లేచింది. వేళ్ళు ఆ మట్టిని వదలడం లేదు. విదిలించినా రాలడం లేదు. అదే మట్టి తట్టల్లోంచి పొడిపొడిగా రాలడం ఆమెకు గుర్తు. ఆ పెళ్ళను తీసినచోటే మళ్ళీ పెట్టి, పైన కాలితో అదిమింది.

తర్వాత చెట్టు గొడుగు కింద, పళ్ళు రాలేచోట మాత్రం గడ్డిని మొదలంటా కాకుండా పొట్టిగా కోసింది. బారులను ముట్టుకోలేదు. కోసింది అక్కడే పరిచింది.

"ఇల్లు ఊడ్చి వాకిలి వదిలేసినట్టుంది" అన్నాడు భర్త.

"వాకిలి లేకపోతే ఇల్లు నిలబడదని తెలిసిందిగా. ఇంక మాట్లాడకండి."

వ్యాపారి ఆఖర్నే వచ్చాడు. ధర అప్పటికి పడిపోయింది. కోతవాళ్ళు రాకపోతే చిన్నకోడలే పైకి వచ్చి కోసింది, మధ్యమధ్యన పాము పాము అని అరిచి చీపురమ్మను నిచ్చెన దింపుతూ. ఆ ఏడు అందరి కంటే తక్కువ మిగిలింది వాళ్ళకే. భర్త ఆటోలో పళ్ళతోపాటు ఊళ్ళోవాళ్ళ సామాన్లూ మోశాడు. మరుసటి ఏడాదికి అనాసలు కాపుకొస్తాయి, ఆ ఎదురుచూపే మిగిలింది.

మళ్ళీ వానలు వచ్చి వెళ్ళాయి. పై వరసలో కొన్ని చెట్లు చిగురించనే లేదు. వాటిని కొట్టేశారు. మిగిలినవాటిలో ఒకటి అటూ ఇటూ కాకుండా నిలబడి ఉంది. సగం ఎండి, సగం ఆకుల్లో పసుపు తిరిగి. చీపురమ్మ అన్నిటికంటే ముందు మట్టి కప్పింది దానికే.

"ఇది కూడా పోయినట్టే" అన్నాడు భర్త గొడ్డలి భుజానికెత్తుకుని. "కొట్టేసి అనాస పెట్టుకుందాం. ఆ చోటైనా అక్కరకొస్తుంది."

"ఆగండి."

"ఎన్నాళ్ళు ఆగుతావ్?"

"ఆగమందిగా బావగారూ, ఒక్క నిమిషం" అంది చిన్నకోడలు. ఆమె కూడా వచ్చింది. ఈ మధ్య ఆమె వస్తూనే ఉంటుంది.

చీపురమ్మ చెట్టు పాదం దగ్గర కూర్చుంది. మోసి పోసిన మట్టి మీద ఆకుల పొర ఉంది. ఆకులను పక్కకు తీసింది. కింద మట్టి నల్లబడి, తడిగా ఉంది. వాన కురిసి చాలా రోజులైనా తడిగానే ఉంది. వేళ్ళతో మెల్లగా గీకింది. ఏమీ లేదు. ఇంకాస్త లోపలికి గీకింది. చూపుడువేలికి ఏదో దారపుపోగులాంటిది తగిలి, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, నిప్పు తగిలినట్టు.

"ఏమైంది?" చిన్నకోడలు వంగింది.

మట్టిలో తెల్లటి పీచువేళ్ళు. ఒకటి కాదు. ముసలివేరు పక్కనుంచి పుట్టి, మోసుకొచ్చిన మట్టిలోకి, మట్టి నలుసులను ఒక్కొక్కటే పట్టుకుంటూ అన్ని వైపులా పాకుతున్నాయి. అంత తెల్లగా ఉంటాయని ఆమెకు ఇన్నేళ్ళలో తెలియదు. చెట్టు లోపలి సంగతి ఎప్పుడూ చూడలేదు. గాలికి అవి వణికినట్టు అనిపించింది.

"అయ్యో, ఎంత పచ్చివో" అంది చిన్నకోడలు గుసగుసగా. "ముయ్యి అక్కా, ముయ్యి. ఎండ తగుల్తుంది."

చీపురమ్మ రెండు చేతులతో మట్టి దగ్గరికి లాగి కప్పింది. ఆకులు తెచ్చి పైన పరిచింది. చాలలేదనిపించి పక్క చెట్టు కింద నుంచి ఇంకో దోసెడు తెచ్చి పరిచింది. వెనక ఎక్కడో భర్త గొడ్డలి కింద పెట్టిన చప్పుడైంది. ఆమె లేవలేదు. అర్రలో నిద్రపోతున్న బిడ్డ లేస్తుందేమోనని కదలకుండా ఉండిపోయిన తల్లిలా, ఆ కొండవాలు మీద, అరచేతులు ఆకుల మీద ఆనించి అలాగే కూర్చుంది.